నాన్న తెచ్చిన రీకండిషన్ టేపు రికార్డర్

మా నాన్న దృష్టిలో కొత్త వస్తువంటే ఇంకా ఎవరూ విప్పి చూడని వస్తువు. అంటే నమ్మడానికి వీల్లేనిది. ఒకసారి పాడై, ఎవరో దాన్ని విప్పి, లోపం పట్టుకుని, బాగుచేసి మళ్ళీ బిగిస్తేనే అది ఆయనకు అసలైన వస్తువు. ఇది పిసినారితనం అని మా అమ్మ అనేది. కాదు, అనుభవం అని ఆయన అనేవారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో నేను పూర్తిగా అమ్మ పార్టీ.

ఆయన అలా తయారవడానికి కారణం ఆయన ఉద్యోగమే. భిలాయి ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేసులకు కేపిటల్ రిపేర్ చేసే బృందంలో ఉండేవారు. ఏళ్ళ తరబడి ఆరకుండా మండిన ఫర్నేసును చల్లార్చి, లోపలి ఇటుకలన్నీ ఊడదీసి, కొత్తవి పేర్చి, మళ్ళీ నిప్పు రాజేసి ఉత్పత్తివాళ్ళకు అప్పగించడం వాళ్ళ పని. "కొత్త ఫర్నేసు ఎవడైనా నడుపుతాడు. రిపేరైన ఫర్నేసు కొత్తదానికన్నా బాగా నడవాల. అదీ పనంటే" అని భోజనాల దగ్గర మాకు పాఠం చెప్పేవారు. అందరూ పాతది పారేసి కొత్తది కొనుక్కుంటే ఇక తనలాంటివాడు బతికి ఏం లాభం అన్నది ఆయన ప్రశ్న.

దాని ఫలితం సెక్టర్ 7లోని మా క్వార్టర్లో ఏ మూల చూసినా కనిపించేది. బల్లమీది ఫ్యాను స్విచ్చి వేశాక చీపురుపుల్లతో ఒకసారి తిప్పితే గానీ తిరిగేది కాదు. మిక్సీ ఆగాలంటే ప్లగ్గు పీకాలి. ఇస్త్రీపెట్టె నా స్కూలు చొక్కా మీద తన ముద్ర వేసి పెట్టింది. ఇవన్నీ రీకండిషన్ సరుకులే. ఒక్కొక్కటి ఇంటికొచ్చినప్పుడల్లా నాన్న దాని చుట్టూ తిరుగుతూ, కొత్త కోడల్ని చూసినట్టు మురిసిపోయేవారు. అమ్మ మాత్రం ఏ అత్తగారూ చూడనంత అనుమానంగా చూసేది.

ఇంతకాలం సర్దుకుపోయిన అమ్మ ఒక్క విషయంలో మాత్రం మొండికేసింది. అది టేపు రికార్డర్.

ఎందుకో చెప్పాలి. మా అమ్మమ్మ పార్వతీపురం దగ్గర ఒక పల్లెలో మా మావయ్య దగ్గర ఉండేది. ఆమెకు చదువు రాదు. ఆ ఊళ్ళో ఫోను లేదు. ఉత్తరాలు పక్కింటి బడిపంతులు రాసిపెట్టేవారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉండేది, మాటలు మాత్రం సర్కారు కాగితంలా ఉండేవి. "ఇచ్చట మేమందరమూ క్షేమము, అచ్చట మీ క్షేమము తెలియజేయగలరు." అమ్మ ఆ కార్డు నాలుగుసార్లు తిరగేసి, "ఇందులో మా అమ్మ మాట ఒక్కటీ లేదు. అన్నీ మాస్టారి మాటలే" అని బియ్యం డబ్బా వెనక దాచేది.

తొంభైల మొదట్లో మావయ్య విశాఖపట్నం వెళ్ళి రేడియో, టేపు రికార్డరు కలిసిన ఒక టూ-ఇన్-వన్ కొనుక్కున్నాడు. కొత్తది, అట్టపెట్టెలోది. కొన్న వారానికే అమ్మమ్మ చేత ఒక కేసెట్టులో మాట్లాడించి పంపాడు. మా సెక్టర్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఊరి వైపు సెలవుమీద వెళ్ళేవాళ్ళు ముందు రోజు తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి "ఏటైనా పంపాలా?" అని అడిగేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు అటునుంచి వచ్చినవి మోసుకొచ్చేవాళ్ళు. అలా ఉలవలూ తాటితాండ్రా ఉన్న సంచిలో అడుగున ఆ కేసెట్టు మా ఇంటికొచ్చింది. వినడానికి మా ఇంట్లో ఏమీ లేదు. పక్కింటికి వెళ్ళి, వాళ్ళ ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని అమ్మ తన తల్లి గొంతు వింది. పరాయి ఇల్లు కాబట్టి ఏడవలేకపోయింది. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, నాన్న డ్యూటీ నుంచి రాగానే తేల్చి చెప్పింది.

"ఏటండీ, మనకి టేపు రికార్డరు కావాల. కొత్తది."

బోనసు అప్పుడే వచ్చింది కాబట్టి డబ్బులు లేవనే సాకు లేదు. అయినా రెండు వారాలు యుద్ధం నడిచింది.

"ఇది పాటలకి కాదండీ. మా అమ్మ గొంతుకి. ఎవరో వాడీసిన దాంట్లోనా మా అమ్మ మాట్లాడాల?"

"ఒసే, గొంతు మీ అమ్మది. డబ్బా ఎవరిదైతే ఏటి?"

చివరికి అమ్మ మాట నెగ్గినట్టే అయింది. ముగ్గురం సుపేలా బజారుకు వెళ్ళాం. షాపతను గాజు అలమర తెరిచి తళతళలాడే టూ-ఇన్-వన్ ఒకటి బల్లమీద పెట్టాడు. వెండి రంగు బటన్లు, చేత్తో పట్టుకోడానికి పిడి. అమ్మ దాని మీద చెయ్యి వేసి తియ్యలేదు. నాన్న దాన్ని తిరగేసి చూసి, "ఇసే ఖోల్ కే దిఖాయియే" అన్నారు. షాపతను నవ్వాడు. నాన్న నవ్వలేదు. విప్పితే సీలు పోతుంది, గ్యారంటీ పోతుంది అని అతను హిందీలో ఎంత ఓపిగ్గా చెప్పినా నాన్న ఒకటే పట్టు. లోపలేముందో చూపించని వస్తువు నేనెందుకు కొనాలి? పది నిమిషాల తర్వాత మేం వట్టి చేతులతో బయటికొచ్చాం. ఆ రోజు నాన్న మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, పాఠాల పుస్తకానికి ఆయన వేసిచ్చిన అట్ట కూడా చింపేశాను.

మర్నాడు ఆదివారం నాన్న నన్ను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని రిసాలిలో ఒక మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్ళారు. ఛత్తీస్‌గఢీ మనిషి, తన ఇంటి తలుపు పక్కన రేకుల పంచన కూర్చుని పనిచేసేవాడు. నాన్న అడగడం ఆలస్యం, వార్తాపత్రిక పరిచి ఒక టూ-ఇన్-వన్‌ని పొట్ట చీల్చి లోపలున్నదంతా వరసగా పెట్టాడు. బెల్టు కొత్తది. హెడ్డు స్పిరిటుతో తుడిచాడు. పాత మోటారు కాలిపోతే, ఇంకో కంపెనీ సెట్టులోంచి తీసిన మంచి మోటారు పెట్టాడు.

"బాడీ పురానీ హై భయ్యా, దిల్ ఏకదమ్ నయా" అన్నాడు, ఒళ్ళు పాతదే గానీ గుండె కొత్తదని తన గుండె మీద తట్టుకుంటూ.

నాన్న పడిపోయారు. ఇద్దరూ పొట్టి పీటల మీద ఎదురెదురుగా కూర్చుని స్క్రూలూ స్ప్రింగులూ చేతులు మార్చుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నారు. పెళ్ళి సంబంధం కుదిరినంత సంతోషంగా నాన్న దాన్ని తువ్వాల్లో చుట్టించుకుని, నా ఒళ్ళో పెట్టి ఇంటికి తెచ్చారు.

అమ్మ చూసింది. పొయ్యి దగ్గర గిన్నెలు ఆ పూట ఎక్కువ చప్పుడు చేశాయి.

నాన్న ఊరుకోలేదు. ప్లాంటులో రిపేరు అయ్యాక ట్రయల్ రన్ అని ఉంటుందట. దాన్ని ఇంట్లో మొదలుపెట్టారు. మూడు రోజులు పొద్దుటినుంచి సాయంత్రం దాకా అది నడుస్తూనే ఉంది. వేడెక్కుతుందేమోనని మధ్యమధ్య జ్వరం చూసినట్టు చెయ్యి పెట్టి చూశారు. ఆఖరుకు తన గొంతే అందులో రికార్డు చేసి మళ్ళీ వేశారు. "హలో హలో, ఒకటి, రెండు, మూడు." అచ్చు నాన్న గొంతే. తేడా అణువంత లేదు. "ఇప్పుడేటంతావు?" అన్నారు అమ్మవైపు తిరిగి. అమ్మ ఓడిపోయినట్టు తల ఊపి, కేసెట్టు తెచ్చి అమ్మమ్మ గొంతు వేసుకుంది.

ఆ తర్వాత ఏడాది మా ఇంట్లో ఆ పెట్టె ఒక మనిషిలా మెలిగింది. రెండు నెలలకోసారి అటునుంచి ఒక కేసెట్టు, ఇటునుంచి ఒకటి. అమ్మ రికార్డు చేసే రోజు మేం ఎవరం దగ్గకూడదు, తలుపు వెయ్యకూడదు. నేలమీద పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునేది. "అమ్మా, నానే" అని మొదలుపెట్టి, అమ్మమ్మ ఎదురుగా ఉన్నట్టే ప్రశ్నలు అడిగేది. "గేదె ఈనిందేటి?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగేది. ఆ ఖాళీల్లో మా కుక్కర్ ఈల, వీధిలో కూరగాయలవాడి కేక రికార్డయ్యేవి.

అటునుంచి వచ్చే గొంతు మాకు పండగలా ఉండేది. అమ్మమ్మ గలగలా మాట్లాడేది. సన్నగా, చకచకా, ఊపిరి తీసుకోకుండా. ఎవరికి కొడుకు పుట్టాడో, ఎవరి కోడి ఎవరి దొడ్లో గుడ్డు పెట్టిందో అన్నీ. "నాకేటే, రాయిలాగున్నాను" అనేది ప్రతిసారీ. నిజంగానే రాయిలాగే వినిపించేది. "చూడండి, మా అమ్మకి ఒయసు ఎనక్కెల్తంది" అని అమ్మ మురిసిపోయేది. ఆ సంతోషంలో నాన్న మీద కోపం కూడా మర్చిపోయింది. "మంచి మిషనే తెచ్చారు" అని ఒకసారి నోరుజారి అనేసింది కూడా. నాన్న ఆ మాట వారం రోజులు నెమరేసుకున్నారు.

నాకు ఒక్క చిన్న అనుమానం కలగకపోలేదు. మా వీధిలో కిళ్ళీలమ్మే పాన్ ఠేలా దగ్గర వినిపించే హిందీ పాటలే మా ఇంట్లో కాస్త హుషారుగా ఉండేవి. పాన్ ఠేలావాడి సెట్టు ముసలిదైపోయిందనుకున్నాను. మన తప్పు మనకెప్పుడు కనిపించింది కనక.

ఒక శనివారం మధ్యాహ్నం మా గేటు ముందు టెంపో ఆగింది. అమ్మ అప్పుడు వంకాయలవాడితో హోరాహోరీగా హిందీలో పోట్లాడుతోంది. ఆమె గొంతు అటు నాలుగు క్వార్టర్లు, ఇటు నాలుగు క్వార్టర్లు వినిపిస్తోంది. టెంపోలోంచి మావయ్య దిగాడు. రెండు చేతుల్లో రెండు సంచులు, మెడలో తువ్వాలు, మూడు రోజులుగా గడ్డం గీసుకోని మొహం. అక్కను చూసి, సంచులు అక్కడే వదిలేసి నిలబడిపోయాడు.

"అప్పా! నువ్వు బాగానే ఉన్నావేటి?"

ఆ మాటలో సంతోషం కన్నా ఆశాభంగమే ఎక్కువ వినిపించింది. అమ్మ చేతిలో వంకాయ కిందపడింది. "ఏటయిపోయింది? అమ్మకేటయింది?" అని గేటు దగ్గరికి పరిగెత్తింది.

"అమ్మకేటీ కాలేదు. నీకేటో అయిపోయిందని అమ్మ నన్ను తరిమీసింది."

లోపలికొచ్చి, మంచినీళ్ళు తాగాక సంగతి చెప్పాడు. మేం పంపే కేసెట్లలో మొదటినుంచీ అమ్మ గొంతు బరువుగా, సాగదీసినట్టు వస్తోందట. భిలాయి పొగ గొంతులో పట్టిందనుకున్నారు. పోయిన నెల పంపిన కేసెట్టులో మరీ ఘోరం. అప్పుడు అమ్మకు నిజంగానే జలుబు. అటు వినేసరికి, మంచం పట్టిన మనిషి ఒక్కొక్క మాటా కూడదీసుకుని మాట్లాడినట్టుందట.

"అది ఇన్న కాడినుంచి అమ్మ అన్నం ముట్టలేదు. నా కూతురికి ఏదో పెద్ద రోగమొచ్చింది, దాచేస్తంది అంటది. లేకపోతే..." అని నాన్న వైపు ఓరగా చూసి ఆగాడు.

"లేకపోతే ఏటోయ్?" అన్నారు నాన్న.

"బావ ఏటైనా అంతన్నాడేమో అడిగి రమ్మంది."

నాన్న కుర్చీలోంచి సగం లేచి, మళ్ళీ కూర్చున్నారు. ఇరవయ్యేళ్ళు ఒక్క చెడ్డమాట పడని అల్లుడికి ఎంత అవమానం! నేను మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాను. మావయ్య సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్లమీద పెట్టాడు. కషాయం పొడి, ఒళ్ళు నొప్పుల తైలం, గ్రామదేవత దగ్గర కట్టించిన తాయెత్తు, రోగికి బలం రావడానికని రెండు శేర్ల ఉలవలు. ఆ రోగి నాన్నకు టీ, మావయ్యకు ఉప్మా, నాకు చీవాట్లు ఒక్కసారే వడ్డిస్తోంది.

"నా గొంతుకేటి, శుభ్రంగా ఉంది. కావాలంటే ఇను" అని అమ్మ పెట్టె ముందు పెట్టింది. అటు పంపాల్సిన కొత్త కేసెట్టు ఒకటి అప్పటికే రికార్డు చేసి ఉంది. అది వేసింది. శుభ్రంగానే ఉంది. మావయ్య చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, బుర్ర గోక్కున్నాడు. "ఇక్కడ బాగానే ఉంది మరి. మావూరొచ్చేసరికి ఏటవుతంది?" అన్నాడు. "రైల్లో ఎండ తగిలి కరిగిపోతందేమో" అన్నారు నాన్న. ఆయన నిజంగానే అలా అనుకున్నారు.

చిక్కు విప్పింది మావయ్యే. ఆయన ఊళ్ళో భజన బృందంలో పాడతాడు, డోలక్ కూడా వాయిస్తాడు. అప్పకు వినిపిద్దామని తమ బృందం పాట రికార్డు చేసి తెచ్చాడు. దాన్ని మా పెట్టెలో వేసిన అర నిమిషానికి ఆయన మొహం మారింది.

"ఇది మేమేనా? ఏటిది, బండి తప్పిపోతందన్నట్టు పాడతన్నాం?" తొడ మీద తాళం వేసి చూశాడు. "బావా, ఈ దెబ్బ నాను వాయించింది కాదు. నా చెయ్యి ఇంత జోరుగా ఆడదు. మీ మిషను పరిగెడతంది."

నాన్న ఒప్పుకోలేదు. మూడు రోజుల ట్రయల్ రన్ జరిగిన మిషను అది. చేతి గడియారం విప్పి బల్లమీద పెట్టి, అరవై నిమిషాల కేసెట్టు ఒకటి మొదటి నుంచి వేశారు. ఒక వైపు అరగంట నడవాలి. అందరం చుట్టూ కూర్చున్నాం. ఇరవై ఏడో నిమిషానికి పెట్టె టక్కుమని ఆగిపోయింది.

నాన్న గడియారం తీసి చెవి దగ్గర పెట్టుకుని చూశారు. అది బాగానే ఉంది. తర్వాత చెప్పారు. ఫర్నేసు వేడి కొలిచే మీటరు సరిగ్గా ఉందో లేదో ఇంకో మీటరు పెట్టి చూడాలి గానీ, దాంతోనే దాన్ని చూస్తే ఎప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది అని కొత్తగా చేరినవాళ్ళకు ఆయనే నేర్పేవారట. "రోజూ సెప్పే ముక్క, ఇంటికొచ్చేసరికి మర్చిపోయాను" అన్నారు. మా పెట్టె జోరుగా రికార్డు చేసి, అంతే జోరుగా వినిపించేది. అందుకే మా గొంతులు మా ఇంట్లో బాగుండేవి. అవే మావయ్య కొత్త మిషన్లో నీరసంగా సాగేవి.

అప్పుడే బావాబామ్మర్దులు ఒకే సైకిలెక్కి రిసాలి వెళ్ళారు. మెకానిక్కు విని, నాలిక కరుచుకుని, మోటారు వెనక ఉన్న చిన్న కన్నంలో సన్నటి స్క్రూడ్రైవరు పెట్టి ఇంత తిప్పాడట. వేరే కంపెనీ మోటారు కదా, వేగం సరిచెయ్యడం మర్చిపోయాడు. గడియారం పెట్టి చూసి, ముప్ఫై నిమిషాలు వచ్చేదాకా నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు.

సాయంత్రం టీ తాగుతూ బాగుపడ్డ పెట్టె వేశాం. ముందు అమ్మ రికార్డు చేసిన కేసెట్టు పెట్టాం. "అ...మ్మా... నా...నే..." అంటూ జలుబు చేసిన గేదెలా ఒక గొంతు బయటికొచ్చింది. నేను నేలమీద పడి దొర్లాను. నాన్నకు టీ పొలమారింది. "ఓలమ్మో, ఇదేనా మా అమ్మ ఇన్నాది! అన్నం ఎలగ తింటది మరి!" అని అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వింది. మావయ్య తన ప్రయాణం వృథా కాలేదని అందరికన్నా గట్టిగా నవ్వాడు.

ఆ నవ్వుల్లోనే అమ్మ లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి అమ్మమ్మ కేసెట్లన్నీ తెచ్చింది. "మా అమ్మ గొంతు సరిగ్గా ఎలగుంటాదో ఇందాం" అని మొదటిది పెట్టింది.

మొదటిది బాగానే ఉంది. కాస్త నెమ్మదిగా, నిండుగా, మాకు తెలిసిన అమ్మమ్మే. రెండోది వేశాం. మూడోది వేశాం. నాలుగోదానికి మావయ్య నవ్వడం మానేశాడు. గొంతు బొంగురుపోయింది. మాటకూ మాటకూ మధ్య ఎడం పెరిగింది. మేం ఏడాదిగా విననిది ఊపిరి తీసుకునే చప్పుడు. ఆరోది, ఆఖరిది. "నాకేటే..." అని ఆగింది. ఎక్కడో గేదె అరిచింది. తర్వాత, చాలాసేపటి తర్వాత, "...రాయిలాగున్నాను" అంది.

అమ్మ తమ్ముడి వైపు చూసింది.

"నీకు సెప్పొద్దంది అప్పా" అన్నాడు మావయ్య. "ఎప్పుడూ సలి అంటది. మొకం ఉబ్బింది. పనిలో నడుం వాల్చీస్తంది. మేం రోజూ సూస్తన్నాం గదా, పెద్దతనమే అనుకున్నాం."

అమ్మ ఏడవలేదు. నాన్న వైపు తిరిగింది. నా జన్మలో ఆమె ఆయనతో అంత చల్లగా మాట్లాడడం అదొక్కసారే విన్నాను.

"కొత్తది కొనుంటే నాకు ఎన్నో నెల్ల ముందే తెలిసును."

వాదంలో ఎప్పుడూ ఆఖరి మాట తనదే కావాలనుకునే నాన్న తల దించుకుని కూర్చుంటే నాకు భయమేసింది. బజారులో ఆ రోజు ఆయన మీద కోపం తెచ్చుకున్నందుకు గర్వపడాల్సిన సమయం అది. నాకు మాత్రం ఆయన పక్కకు వెళ్ళి కూర్చోవాలనిపించింది, వెళ్ళి కూర్చున్నాను.

మర్నాడు ఆయన సెలవు పెట్టి, అమ్మతో మావయ్యతో కలిసి రైలెక్కారు. నన్ను పక్కింట్లో వదిలారు. వారానికల్లా అమ్మమ్మను వెంటబెట్టుకుని వచ్చారు. మే నెల ఎండలో శాలువా కప్పుకుని టెంపో దిగింది ఆమె. నన్ను దగ్గరికి తీసుకుని పేరు పెట్టి పిలవడానికి కూడా ఆమెకు కొంచెం సమయం పట్టింది.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ ఆమె మాట రెండు నిమిషాలు విని, మొహం చూసి, మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, రక్తం పరీక్షకు రాసింది. మెడలో ఉండే చిన్న గ్రంథి సరిగ్గా పనిచెయ్యడం లేదంది. రోజూ పొద్దున్నే పరగడుపున ఒక చిన్న మాత్ర వేసుకోవాలి, అంతే. "ఏమండీ, ఇంతేనా?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. ఇంతే, కానీ మానకూడదు, మారడానికి నెలలు పడుతుంది అని ఆమె చెప్పింది. మెకానిక్కు ఇంత స్క్రూ తిప్పినట్టే అని నాన్న అనబోయి, అమ్మ మొహం చూసి మింగేశారు.

ఆ విషయం గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. కొత్తది కొనుంటే ముందే తెలిసేదన్న అమ్మ మాట నిజమే. కానీ రోజూ ఎదురుగా చూసే మావయ్యకే తెలియలేదు. రెండు నెలలకోసారి కొంచెం కొంచెంగా గొంతు మారుతుంటే మేమూ పెద్దతనమే అనుకునేవాళ్ళమేమో. ఏడాది మార్పంతా ఒక్క సాయంత్రం చెవిన పడింది కాబట్టి ఉలిక్కిపడ్డాం. పైగా ఆ పెట్టె తప్పుగా నడవకపోతే మావయ్య ఉలవలు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడే కాదు. ఈ వాదం నాన్నకు తట్టలేదు. తట్టినా అనేవారు కాదు.

అమ్మమ్మ మా ఇంట్లో ఉండగానే ఆయన ఒకరోజు చొక్కా వేసుకుని, "పద, కొత్తది కొనీద్దాం. ఇప్పనక్కర్లేదు, చూడనక్కర్లేదు" అన్నారు. అమ్మ కూరగాయలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు.

"ఒద్దండి. దీని రోగమేటో మనకి తెలిసింది. కొత్తదాని రోగమేటో ఎవరికి తెలుసు?"

నాన్న చొక్కా గుండీలు విప్పుకుంటూ నా వైపు చూశారు. ఇరవయ్యేళ్ళుగా ఆయన చెప్పిన పాఠం ఎట్టకేలకు ఒకరికి ఎక్కింది, అదీ ఆయనకు అక్కర్లేని రోజున. మంచం మీద శాలువాలో కూర్చున్న అమ్మమ్మ నెమ్మదిగా, "అల్లుడు మంచోడే" అంది. అది క్షమాపణ అని మా అందరికీ అర్థమైంది.

రెండు నెలలుండి, గేదె బెంగతో ఆమె తిరిగి వెళ్ళిపోయింది. మాత్రలు సంచిలో పెట్టి, ఒక్క రోజు మానినా ఒట్టని అమ్మ మావయ్యకు చెప్పి పంపింది. దసరా వెళ్ళాక, సెలవునుంచి తిరిగొచ్చిన ఒకాయన ఒక కేసెట్టు తెచ్చి ఇచ్చాడు.

అమ్మ దాన్ని పెట్టెలో పెట్టింది. అమ్మమ్మ మాట్లాడింది. గలగలా, చకచకా. కోడలు పులుసులో ఉప్పెక్కువేసిందనీ, దూడ తాడు తెంపుకుందనీ, మావయ్య భజనలకెళ్ళి పొలం మర్చిపోతున్నాడనీ ఎక్కడా ఆగకుండా తిట్టిపోస్తోంది. నాకు ఒళ్ళు పులకరించింది. అమ్మ మాత్రం చటాలున లేచి ఆపేసింది.

"ఏటండీ, మళ్ళీ పరిగెడతందేమో. గడియారం పెట్టండి."

నాన్న గడియారం విప్పారు. కేసెట్టు మొదటికి తిప్పి వేశారు. ఆ అరగంటలో అమ్మ చెవికి తల్లి మాట ఒక్కటీ ఎక్కలేదని నేను ఒట్టేసి చెప్పగలను. గడియారం ముల్లు వైపే చూస్తూ, చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఇరవై ఏడో నిమిషం వచ్చింది, వెళ్ళిపోయింది. అమ్మమ్మ తిడుతూనే ఉంది. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. పెట్టె టక్కుమని ఆగింది.

"ముప్ఫై" అన్నారు నాన్న.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కేసెట్టు మళ్ళీ మొదటికి తిప్పి, తల్లి మాటలు వినడం మొదలుపెట్టింది.